జాలారిపేటలో బీపీ తగ్గిందని రాసేముందు

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మత్స్యకారులుండే పెదజాలారిపేటలో ఉప్పు తగ్గించడం, చుట్ట మానిపించడం మీద మీవాళ్లు నడిపే కార్యక్రమానికి ఫలితాల లెక్క తీసే పని నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వినగానే కడుపు నిండిపోయింది. ఆ వెంటనే గుబులూ పట్టుకుంది. అందుకే ఈ ఉత్తరం.

మీటింగులు ఎన్ని పెట్టారు, కరపత్రాలు ఎన్ని పంచారు అన్నవి రాసి ఉంచు. అవి పని చేశామనే లెక్క, పని ఫలించిందనే లెక్క కాదు. ఫలితం చెప్పేది బీపీ కొలతే, అందులో తొలి కొలత కార్యక్రమం మొదలవకముందే అయిపోవాలి.

ఇక నా గుబులు దేనికో విను. ఒక్కరోజు శిబిరం పెడతారు, ఒక్కసారి బీపీ చూస్తారు. పై అంకె 140 దాటినవాళ్లను ఏరి, వాళ్లకే మూడు నెలలు సలహాలు చెప్పి, మళ్లీ చూస్తారు. సగటు తగ్గి ఉంటుంది. కార్యక్రమం ఫలించిందని రాసేస్తారు. అమ్మాయీ, ఏ సలహా చెప్పకపోయినా ఆ సగటు కొంత తగ్గేదే!

ఎందుకంటే బీపీ గంటగంటకీ ఊగుతుంది. మామూలుగా 134 ఉండే మనిషి వలలు మోసుకొచ్చి, చుట్ట కాల్చి, వరసలో నిలబడితే ఆరోజు 146 చూపిస్తుంది. జాబితాలోకి వచ్చేస్తాడు. మామూలుగా 144 ఉండే ఇంకో మనిషికి ఆ పూట 137 వస్తే జాబితాలో ఉండడు. అంటే ఎక్కువ చూపించిన రోజున దొరికినవాళ్లనే మనం పోగేశాం. రెండోసారి వాళ్లు తమ మామూలు అంకెకి దిగుతారు. మొదటిసారి పట్టీ చుట్టినప్పటి కంగారు కూడా అప్పటికి పోతుంది. ఈ దిగుడంతా మన గొప్పే అనుకుంటే, పనికిరాని పద్ధతిని పది పేటలకి మోసుకెళ్తాం. అంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటుంది. ఉప్పు తగ్గిస్తే చాలట అని ఎవరో మాత్ర ఆపేస్తారు. వాళ్లకి పక్షవాతం వస్తే ఆ రిపోర్టు ఏం జవాబు చెబుతుంది?

కాబట్టి ఎక్కువున్నవాళ్లనే ఏరకు. పేటలోని పెద్దవాళ్లందరి జాబితాలోంచి చీటీలు తీసినట్టు ఎంచుకో. ఏరక తప్పకపోతే ఏరడానికి ఒక రోజు, తొలి కొలతకి వేరే రోజు పెట్టుకో. అన్నిటికంటే ముఖ్యం, పోల్చడానికి ఇంకో పేట ఉండాలి. మధ్యతరగతివాళ్లుండే ఎంవీపీ కాలనీతో పోలిస్తే కుదరదు. భీమిలి వైపు చేపల వృత్తి మీదే బతికే పేట చూడు. దగ్గరి పేట వద్దు, వియ్యాలందుకున్న ఇళ్ల మధ్య మాట ఇట్టే చేరిపోతుంది. అక్కడా అదే మిషను, అదే నెల, అదే ఎంపిక. రెండు చోట్లా తగ్గిన దానిలో తేడా ఎంతో అదే మీ కార్యక్రమం ఫలితం. అక్కడివాళ్లకి బీపీ ఎక్కువుంటే వైద్యం మాత్రం ఆపకూడదు, కార్యక్రమం వచ్చే ఏడాది వాళ్లకీ అందాలి.

కేలండరు చూసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మరబోట్ల మగవాళ్లు ఇళ్ల దగ్గరే ఉంటారు. మేలో తొలి కొలత తీసి అక్టోబరులో మలి కొలత తీస్తే రెండోసారి నీకు దొరికేది ఆడవాళ్లూ ముసలివాళ్లూ. పైగా చలికాలంలో బీపీ కొంచెం పెరుగుతుంది, ఎండల్లో తగ్గుతుంది. ఏ నెలలో మొదలుపెడితే మరుసటేడు అదే నెలలో ముగించు. మొదట 200 మంది ఉండి చివరికి 130 మందే మిగిలితే ఆ 130 మంది రెండు కొలతలే పోల్చు. పోయిన 70 మంది తొలి అంకెలు ఎలా ఉన్నాయో విడిగా చెప్పు.

బీపీ ఎక్కువున్నవాళ్లు నూటికి 30 నుంచి 20కి దిగారని గట్టిగా చెప్పాలంటే ఒక్కో పేటలో దాదాపు 290 మంది కావాలి. పక్కపక్క ఇళ్లవాళ్లు ఒకేలా ఉంటారు కాబట్టి దాన్ని రెట్టింపు చేసుకో.

కొలిచేముందు అరగంట టీ, చుట్ట వద్దు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టు. వీపుకి ఆసరా, పాదాలు నేలమీద, చెయ్యి గుండె ఎత్తులో. మూడుసార్లు చూసి మొదటిది వదిలి, మిగతా రెండిటి సగటు రాయి. డిజిటల్ మిషను అంకెల్లో చివర సున్నాలే ఎక్కువ కనబడితే ఎవరో ఉజ్జాయింపుగా రాస్తున్నారన్నమాట.

ఉప్పు లెక్కలో ఒక చిక్కుంది. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 30 రోజులొస్తే మనిషికి రోజుకి 8 గ్రాముల పైమాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 గ్రాముల లోపే చాలంటుంది. కానీ ఈ ఇళ్లలో చేపలు ఎండబెట్టడానికి కొన్న కల్లుప్పు కూడా ఉంటుంది, దాన్ని విడిగా అడుగు. ఎండుచేపలో తినే ఉప్పు ఈ లెక్కలోకి రాదు. కొందరికైనా 24 గంటల మూత్రంలో సోడియం చూపిస్తేనే నిజం తేలుతుంది.

చుట్ట మానమని చెప్పిన ఆశా కార్యకర్తనే మళ్లీ పంపి "మానేశారా?" అని అడిగించకు. ఆమె మనసు నొప్పించలేక ఔనంటారు. అడ్డపొగ తాగే, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చే అమ్మమ్మలైతే మరీను. కొత్త మనిషి ఒంటరిగా అడగాలి. ఊపిరిలో కార్బన్ మోనాక్సైడ్ చూసే మిషను ఉంటే మంచిదే, కానీ అది చెప్పేది ఆ ఒక్కరోజు సంగతే.

ఎవరికైనా బీపీ పై అంకె 180 గానీ కింది అంకె 120 గానీ దాటితే, అయిదు నిమిషాలాగి మళ్లీ చూసినా అంతే ఉంటే, ఫారం పక్కన పెట్టు. ఛాతీ నొప్పి, మాట తడబాటు, చెయ్యి లాగడం ఏదున్నా వెంటనే 108కి ఫోన్ చేసి కేజీహెచ్ పెద్దాసుపత్రికి పంపాలి. లేకపోయినా ఆరోజే డాక్టరు చూడాలి. నీ ఫారాలన్నిటి మీదా ఆ మాట అచ్చు వేయించు.

పొద్దున్నే పేటకి వెళ్లేటప్పుడు ఏదైనా తిని వెళ్లు తల్లీ, కళ్లు తిరిగినవాళ్లు కొలవలేరు. దండచేతి కొలత 32 సెంటీమీటర్లు దాటినవాళ్లకి పెద్ద పట్టీ కావాలి, మామూలుది చుడితే ఎక్కువ చూపిస్తుంది. రెండు సైజులూ కొన్నారో లేదో రేపు రాత్రి ఫోన్ చేసి చెప్పు.

మీ పెద్దమ్మ