‘నీడీ’ అని రాసే ముందు

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివాను. బాగుంది, ముఖ్యంగా డల్లాస్ అపార్ట్‌మెంట్‌లో పగలంతా వాషింగ్ మెషిన్ చప్పుడు తప్ప ఇంకో అలికిడి లేని ఆ పేజీ. కానీ ఆ తర్వాత భర్త నోట కాకుండా, కథ చెప్పే నువ్వే "ఆమె చాలా నీడీ" అని రాసేశావు చూడు, అక్కడ నాకు ప్రాణం ఉసూరుమంది. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట గురించే.

ఇంగ్లీషులో ఆ మాటకు పాత అర్థం లేమి. తిండికో గుడ్డకో కటకటలాడడం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ కీర్తనల్లో 'పూర్ అండ్ నీడీ' అని జంటగా కనిపిస్తుంది, 86వ కీర్తన మొదట్లో దాన్నే మన తెలుగు బైబిల్ 'దీనుడను దరిద్రుడను' అంటుంది. 'ద నీడీ' అంటే పేదసాదలందరూ, బహువచనం. ఒక్క మనిషిని 'ఎ నీడీ' అనకూడదు, మనవాళ్లు తరచూ అంటుంటారు. ఆఫీసు ఉత్తరాల్లో 'డూ ద నీడ్‌ఫుల్' అంటామే, అది వేరే మాట, చెయ్యవలసిన పని అని దానర్థం. ఇక నువ్వు వాడినది ఈమధ్యకాలపు అర్థం: ప్రేమ కోసం, భరోసా కోసం అస్తమానం ఎదుటివాళ్లని పట్టుకు వేలాడే మనిషి. పాత అర్థంలో జాలి ఉంది, ఇందులో విసుగుంది. ఆ విసుగు ఎప్పుడూ అనేవాళ్లదే. అందుకే భర్త చేత స్నేహితుడితో ఫోన్లో అనిపించు, అతనెలాంటివాడో పాఠకుడికి తెలుస్తుంది. కథకుడే అనేస్తే మాత్రం ఆ అమ్మాయి వైపు నుంచి చూసే దారి మూసుకుపోతుంది.

ఆమెది హెచ్-4 వీసా అని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశావు. అసలు కథంతా అక్కడే ఉంది కదా! అమెరికాలో ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ల భార్యాపిల్లలకిచ్చే దాన్ని మనవాళ్లు 'డిపెండెంట్ వీసా' అనే అంటారు. భర్త గ్రీన్‌కార్డు దరఖాస్తు ఒక దశ దాటితే పని అనుమతి అడిగే వీలు 2015 మేలో వచ్చింది గానీ, ఆ దశ దాటి అనుమతి వచ్చేదాకా ఎంత చదువుకున్నా జీతానికి పనిచెయ్యకూడదు. ఆ అనుమతి లేనిదే సోషల్ సెక్యూరిటీ నంబరు, అంటే అక్కడి గుర్తింపు సంఖ్య, మామూలుగా ఇవ్వరు. అతని వీసా హోదా పోతే ఆమెదీ పోతుంది. ఇక్కడ ఉద్యోగం చేసి నెల నెలా ఇంట్లో డబ్బులిచ్చిన పిల్ల, అక్కడ కూరగాయలకి కూడా అతని కార్డు అడగాలి, దుకాణానికి వెళ్లాలంటే ఉన్న ఒక్క కారూ సాయంత్రం ఇంటికి రావాలి. అలాంటి మనిషి రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేస్తే అది స్వభావమా, చట్టం తెచ్చిపెట్టిన స్థితా? నువ్వు చట్టాన్ని వదిలేసి పిల్లని తప్పుపట్టావు. నాకు కోపం వచ్చింది అందుకే.

షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియెట్' ఐదో అంకం తీసి చూడు. మాంటువాలో విషం కోసం వెతుకుతున్న రోమియోకి ఒక మందుల కొట్టువాడు గుర్తొస్తాడు. ముందు కొట్టు కనిపిస్తుంది: వేలాడదీసిన తాబేలు, లోపల ఏదో కూరిన మొసలి కళేబరం, వికారమైన చేపల తోళ్లు, అరల్లో ఖాళీ పెట్టెలు, పురికొస ముక్కలు, గులాబీల పాత బిళ్లలు, అన్నీ కాస్త నిండుగా కనపడాలని పలచగా సర్దినవి. అదంతా అయ్యాకే ఈ 'నీడీ' మనిషి నాకు అమ్మి తీరాలి అంటాడు రోమియో. గమనించావా, ఆ మాట అన్నది ఎదుటివాడి లేమితో తనకు పని ఉన్నవాడు. విషం అమ్మితే ఆ ఊళ్లో మరణశిక్ష, రోమియో ఇవ్వజూపేది 40 డ్యూకట్లు, అంటే బంగారు నాణేలు. ఒప్పుకునేది నా పేదరికం, నా మనసు కాదు అంటాడు కొట్టువాడు. ఎంత సూటిగా ఉందో చూడు.

కాబట్టి ఆ వాక్యం కొట్టెయ్యి. దేనికి లోటు, ఎవరి మీద ఆధారం, ఆ ఆధారం ఎలా వచ్చింది, ఇవి కథలో కనపడాలి. ఆమె మధ్యాహ్నం ఫోన్ చేసి "భోంచేశావా" అంటుంది సరే, నిజంగా అడగాలనుకున్నదేమిటి? దరఖాస్తు ఎందాకా వచ్చిందనా? అమ్మకి డబ్బు పంపాలనా? అది రాయి. భర్తని విలన్ని చెయ్యకు, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ అతనికీ ఉంటుంది.

తొందరేం లేదు, దసరా లోపు తిరగరాసి పంపు. చదివి నేనే ఫోన్ చేస్తాను.

ఉంటాను,
అన్నయ్య