చెరువు కోసం కేసు వేయాలంటే ఎన్నేళ్లు నిండాలి?

పర్యావరణం కోసం పనిచేస్తున్న కుర్రకారు నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలకు జవాబులు.

ప్రశ్న: ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే తొమ్మిదేళ్ల వయసులో ప్రభుత్వం మీద కేసు వేసిందని చదివాను. ఆమె గెలిచిందా? నాకు పదహారేళ్లు. మా ఊరి చెరువు కోసం నేనూ వేయొచ్చా?
– ఇంటర్ విద్యార్థిని, జనగామ

జవాబు: వేయొచ్చమ్మా. పద్దెనిమిది నిండలేదు కాబట్టి మీ తరఫున అమ్మో నాన్నో సంరక్షకులుగా సంతకం చేయాలి. 2017లో వాతావరణ మార్పుపై రిధిమ పిటిషన్ కూడా తండ్రి ద్వారానే, పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. గెలవలేదు. పారిస్ వాతావరణ ఒప్పందం లాంటివి ప్రభుత్వ విధానాల్లో, పర్యావరణ అనుమతుల్లో లెక్కకు రావడం లేదని అనుకోవడానికి కారణం కనిపించలేదంటూ 2019 జనవరిలో ట్రిబ్యునల్ ఆ కేసు మూసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో స్వీడన్ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బర్గ్‌తో కలిపి 16 మంది పిల్లలు ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల కమిటీకి ఫిర్యాదు చేశారు. వాళ్లలో రిధిమా ఉంది. ఫిర్యాదు మాత్రం అర్జెంటీనా, బ్రెజిల్, ఫ్రాన్స్, జర్మనీ, టర్కీల మీద. పిల్లలు నేరుగా ఆ కమిటీకి చెప్పుకునే ఒప్పందంలో మన దేశం చేరలేదు మరి! ముందు ఆయా దేశాల కోర్టులకు వెళ్లలేదని 2021 అక్టోబరులో అదీ విచారణకు నిలవలేదు.

మీ పని ఇంతకంటే తేలిక. దేశం విధానం మార్చమని మీరు అడగడం లేదు, ఫలానా సర్వే నంబరులో మట్టి పోశారని చూపిస్తున్నారు. అయితే గడువు దగ్గర జాగ్రత్త. హరిత ట్రిబ్యునల్ చట్టం 14వ సెక్షన్ కింద ఆరు నెలల్లో వేయాలి. తగిన కారణం చూపితే మరో 60 రోజులు ఇవ్వొచ్చు, ఆపైన ఒక్క రోజు కూడా లేదు. లెక్క మొదలయ్యేది మొదటి లారీ మట్టి పడిన రోజు నుంచి. వినతిపత్రాలు ఇచ్చుకుంటూ ఏడాది గడిపేసినవాళ్లే ఎక్కువగా ఇక్కడ దెబ్బతింటారు. నష్టపరిహారం అడగకపోతే రుసుము 1,000 రూపాయలు. రెండు తెలుగు రాష్ట్రాలకూ చెన్నై బెంచే. లాయరు లేకుండానూ వాదించుకోవచ్చు.

ప్రశ్న: చెరువులో గోడ కట్టారని మేం ఎండాకాలంలో ఫోటోలు తీశాం. ‘అక్కడ నీళ్లే లేవు కదా’ అని అధికారులు తోసిపుచ్చారు. హద్దు ఎలా తేల్చాలి?
– యువజన సంఘ సభ్యులు, సిద్దిపేట జిల్లా

జవాబు: చెరువు హద్దు ఇవాళ నీళ్లున్న చోటు కాదు. అలుగు (చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే గోడ) పైమట్టం దాకా నీళ్లు నిండితే ఎంత మేర పరుచుకుంటాయో అదే ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్). ఆ గీత దాటాక కట్టడాలు కూడని బఫర్. తెలంగాణ భవన నిబంధనల ప్రకారం (2012 నాటి జీవో 168) పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, అంతకు తక్కువైతే 9 మీటర్లు.

అధికారిక కొలత సర్వేయరుదే. కానీ ముందుగా మీరే ఒక అంచనాకు రావచ్చు. మేస్త్రీలు మట్టం చూసే పారదర్శక గొట్టం, అరంగుళంది, ఇరవై మీటర్లు తీసుకోండి. నీళ్లు నింపి ఒక కొస అలుగు మీద పెట్టండి, రెండో కొస దగ్గర కర్ర పాతి నీటి మట్టం గీయండి. ఆ గీత నుంచి మళ్లీ ముందుకు... అలా గోడ దాకా. గొట్టంలో గాలి బుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది. చూసేటప్పుడు రెండు కొసలూ తెరిచి ఉండాలి, బొటనవేలు అడ్డం పెట్టి మరచిపోవడం మామూలే. గోడ దాకా వెళ్లాక అలాగే గీస్తూ వెనక్కి అలుగు దగ్గరకు రండి. మొదటి మట్టానికీ చివరి మట్టానికీ రెండు మూడు సెంటీమీటర్లు మించి తేడా ఉంటే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. చెరువు ఎగువ వైపు నేల చదునుగా ఉంటుంది. 200 మీటర్లకు ఒక మీటరు వాలు ఉన్న చోట పది సెంటీమీటర్ల పొరపాటుతో హద్దు ఇరవై మీటర్లు జరిగిపోతుంది. ఫోన్ జీపీఎస్‌ను ఇందుకు నమ్మొద్దు. ఆరుబయట కూడా అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, తొమ్మిది మీటర్ల బఫర్ తగాదాకు అది పనికిరాదు.

కొలిచే ముందు అలుగునే ఓసారి తేరిపార చూడండి. దాన్ని పగలగొట్టి మట్టం దించేస్తే చెరువే చిన్నదైపోతుంది, గోడ ‘బయట’కు వచ్చేస్తుంది. ఈ ఎత్తుగడ చాలా పాతది. నీటిపారుదల శాఖ రికార్డులో ఉన్న అలుగు మట్టంతో పోల్చి చూడాలి.

ఇంకొకటి. చెరువు లోపలి శిఖం భూమిలో పట్టా ఉన్న రైతు నీళ్లు తగ్గాక సాగు చేసుకుంటుంటే అది కబ్జా కాదు. అక్కడ మట్టి నింపినా, కట్టడం లేపినా తప్పు. ఈ తేడా తెలియక రైతు మీద అరిస్తే ఊరు మీకు ఎదురు తిరుగుతుంది.

ప్రశ్న: సమాచార హక్కు కింద ‘చెరువును ఎందుకు కాపాడడం లేదు’ అని అడిగితే జవాబు రాలేదు. ఏం చేయాలి?
– డిగ్రీ విద్యార్థి, ఏలూరు

జవాబు: ‘ఎందుకు’ అన్నదానికి ఆఫీసులో కాగితం ఉండదు. ఉన్న కాగితాన్ని పేరుపెట్టి అడగండి: ఫలానా సర్వే నంబరు అడంగల్ (సాగు వివరాల రికార్డు), ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం), ఎఫ్‌టీఎల్ నక్షా, ఆ నంబరులో ఇచ్చిన నిర్మాణ అనుమతుల నకళ్లు. రెవెన్యూకు ఒకటి, నీటిపారుదలకు ఒకటి, పంచాయతీకి ఒకటి విడివిడిగా పెట్టండి. పంచాయతీలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. ముప్ఫై రోజుల్లో రాకపోతే మరో ముప్ఫై రోజుల్లోగా మొదటి అప్పీలు. ఫైలును కళ్లారా చూస్తామని అడిగే హక్కూ ఉంది (సెక్షన్ 2(జె)). అడిగేవాళ్లు తక్కువ గానీ, నకళ్ల కంటే అందులోనే ఎక్కువ దొరుకుతుంది.

ప్రశ్న: చెట్లు నరుకుతుంటే ఆ రోజే ఏం చేయాలి?
– విద్యార్థి, హైదరాబాద్

జవాబు: వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి పత్రం చూపమనండి. తేదీ, స్థలం కనిపించేలా వీడియో తీసి అసలు ఫైలు దాచుకోండి, వాట్సాప్‌లో పంపినదానిలో ఆ వివరాలు చెరిగిపోతాయి. సెలవు రోజుల్లో మరీ కన్నేసి ఉంచండి. 2025 మార్చి చివర హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టే యంత్రాలు దిగింది వరుస సెలవుల్లోనే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు హైకోర్టు రిజిస్ట్రార్‌ను అక్కడికి పంపి, సాయంత్రంలోగా నివేదిక తెప్పించుకుని పనులు ఆపించింది.

ప్రశ్న: విత్తన బంతులు వేలల్లో విసిరాం, ఒక్కటీ మొలవలేదు.
– ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్, కర్నూలు

జవాబు: వేప గింజలు పెట్టి ఉంటారు. వేప రాలిన కొద్ది వారాల్లోనే మొలకశక్తి పోగొట్టుకుంటుంది, నిరుటి గింజ పనికిరాదు. జూన్, జూలైలో ఏరిన వెంటనే వేయాలి. నిల్వ ఉంచి వాడాలంటే చింత మేలు. ఎర్రమట్టి మూడు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, నిమ్మకాయంత ఉండలో ఒకటో రెండో గింజలు, నీడలో ఆరబెట్టడం. మేకలు తిరిగే గుట్ట మీద మాత్రం వేయకండి.