బడి తలుపులు తెరిచారు, కిటికీల మాటేమిటి?

కరోనా వల్ల మూతపడిన బడులు మన రాష్ట్రంలో 2021 ఆగస్టు 16న మళ్లీ మొదలయ్యాయి. 2020 నవంబరు 2న తొమ్మిది, పది తరగతులతో మొదలై, 2021 ఫిబ్రవరి 1కి ఒకటో తరగతి దాకా వచ్చి, ఏప్రిల్‌లో రెండో దశ దెబ్బకు మూతపడ్డాక ఇది రెండో ప్రయత్నం. అప్పటి చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాం.

అయ్యా, కమిటీ డబ్బుతో వీపుకు తగిలించుకునే స్ప్రేయర్ కొన్నాం. దినామూ పొద్దున పిలకాయలు రాకముందే గదులన్నిట్లో బ్లీచింగ్ నీళ్లు కొడతా ఉండాం. కళ్లు మంట అంటా ఉండారు పిలకాయలు. బెంచీల మీద సున్నం మాదిరి తెల్లగా పేరుకుంటా ఉంది. మందు మార్చేదా?
— తల్లిదండ్రుల కమిటీ సభ్యుడు, చంద్రగిరి మండలం

మందు మార్చక్కర్లేదు, కొట్టడం ఆపండి. ఈ వైరస్ ఎక్కువగా వచ్చేది ఊపిరి నుంచి, మూసిన గదిలో కదలకుండా ఉన్న గాలి నుంచి. వస్తువును ముట్టుకుంటే అంటుకునే అవకాశం ఒక్కో తాకుడుకు పదివేలల్లో ఒకటి కంటే తక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఏప్రిల్‌లో చెప్పింది. గాలిలోకి కొట్టిన తుంపర బెంచీ మీద తగినంతసేపు తడిగా నిలవదు. పిల్లల ముక్కుల్లోకి, కళ్లల్లోకి మాత్రం చక్కగా చేరుతుంది. మనుషుల మీద ఇలాంటి మందులు చల్లొద్దని కేంద్ర ఆరోగ్యశాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది. గేటు దగ్గర పిల్లల్ని నిలబెట్టి కొట్టే అలవాటు కూడా ఎక్కడైనా మిగిలి ఉంటే మానేయాల్సిందే.

తుడవడానికి బకెట్టు, గుడ్డ చాలు. ఊళ్లో దొరికే బ్లీచింగ్ పౌడర్‌లో, తాజాదైతే, సుమారు 33 శాతం క్లోరిన్ ఉంటుంది. బెంచీలకు, తలుపు గడియలకు 10 లీటర్ల నీళ్లకు 30 గ్రాములు, అంటే 0.1 శాతం ద్రావణం. మరుగుదొడ్లకు 1 శాతం కావాలి, అంటే లీటరుకు 30 గ్రాములు. చెంచాల లెక్క నమ్మొద్దు. అంగడి త్రాసు మీద ఒక్కసారి 30 గ్రాములు తూచి, పాత ప్లాస్టిక్ గ్లాసులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత పెట్టుకుంటే ఏడాదంతా అదే కొలత.

మీ బెంచీల మీది తెలుపు పౌడర్‌లోని సున్నమే. ముందు కొంచెం నీళ్లతో ముద్దగా కలిపి, తర్వాత మిగతా నీళ్లు పోసి, పావుగంట కదపకుండా ఉంచండి. పైన తేరిన నీళ్లు వాడండి, అడుగున మడ్డి పారబోయండి. స్ప్రేయర్ నాజిల్ ఊరికే మూసుకుపోతూ ఉంటే దానికీ ఈ మడ్డే కారణం. తుడిచాక పది నిమిషాలు తడిగా వదిలి, మంచినీళ్ల గుడ్డతో ఇంకోసారి తుడవాలి. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి, నిలవుంటే సత్తువ పోతుంది. ఇనుప బకెట్టు పనికిరాదు, తుప్పు పడుతుంది.

ఒక్కటి మాత్రం బడి శుభ్రం చేసే ఆయమ్మకు ఎదురుగా నిలబడి చెప్పండి. బ్లీచింగ్ వేసిన మరుగుదొడ్లో యాసిడ్ పోయకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న గదిలో అది ఊపిరాడనివ్వదు. "రెండూ వేస్తే ఇంకా తెల్లగా వస్తుంది" అనుకునేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

మాది కొండ కింద బడి. కిటికీ తీస్తే కోతులొచ్చి క్యారియర్లు ఎత్తుకుపోతాయి. అందుకని మూసి, ఫ్యాన్లు వేసి పాఠాలు చెబుతున్నాం. ఫ్యాన్ గాలి చాలదా? గాలి శుద్ధి చేసే యంత్రం కొనాలా?
— ఉపాధ్యాయురాలు, తిరుపతి

కోతుల సంగతి తెలిసినవాళ్లెవరూ మిమ్మల్ని తప్పుపట్టరు. కానీ సీలింగ్ ఫ్యాన్ కొత్త గాలి తేదు. ఉన్న గాలినే తిప్పుతుంది. కిటికీలు మూసి ఫ్యాన్ వేస్తే ఒకరి ఊపిరిని నలభైమందికీ పంచినట్టే.

దీనికి వాటంగా పనికొచ్చేది వెల్డ్ మెష్ అనే ఇనుప తీగల జాలీ, అంగుళం గళ్లది. కోతి చెయ్యి దూరదు, గాలికి అడ్డమూ ఉండదు. దోమల జాలీ వేయించేటప్పుడు మాత్రం ఆలోచించండి. సన్న రంధ్రాల జాలీ గాలిని బాగా తగ్గిస్తుంది, దుమ్ము పట్టాక మరీను. అది తప్పదనుకుంటే పదిహేను రోజులకోసారి బ్రష్‌తో దులిపే పని ఎవరికైనా అప్పజెప్పాలి.

గాలి అటూఇటూ ఆడుతోందో లేదో చూడటానికి అగరుబత్తి చాలు. ఫ్యాన్లు ఆపి, కిటికీ దగ్గర, తలుపు దగ్గర, వెనక బెంచీ మూలల్లో ఒక్కోచోట అర నిమిషం పట్టుకోండి. పొగ ఒక దిక్కుకు లాక్కుపోతుంటే బాగున్నట్టు. నిటారుగా లేచి అక్కడే సుడి తిరుగుతుంటే ఆ మూలలో గాలి చచ్చిపోయినట్టు. ఎక్కువగా కనబడేది వెనక మూలల్లోనే, ఒకవైపే కిటికీలున్న గదుల్లో.

అలాంటి గదికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించండి. లెక్క ఇది: 24 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు గది అంటే 5,280 ఘనపుటడుగులు, సుమారు 150 ఘనపు మీటర్లు. గంటకు ఆరుసార్లు గాలి మారాలనుకుంటే గంటకు 900 ఘనపు మీటర్లు బయటికి పోవాలి. ఫ్యాన్ డబ్బా మీద గాలి ఎంత తోస్తుందో గంటకు ఘనపు మీటర్లలో రాసి ఉంటుంది. మెష్, దుమ్ము తినేసే భాగం పోను 900 మిగలాలి కాబట్టి 1,200 పైన ఉన్నది తీసుకోండి. తలుపుకు ఎదురుగోడలో, ఎంత దూరంలో వీలైతే అంత దూరంలో బిగించాలి. దాని పక్క కిటికీ తెరిచి ఉంచకూడదు. తెరిస్తే ఫ్యాన్ ఆ కిటికీలో గాలినే లాగి బయటికి తోస్తుంది, వెనక బెంచీల గాలి అక్కడే ఉండిపోతుంది. బిగించాక మళ్లీ అగరుబత్తి పట్టి చూడండి.

అంతవరకు ఆగలేమంటే, టేబుల్ ఫ్యాన్‌ను కిటికీలో బయటి వైపు తిప్పి పెట్టినా కొంత పని జరుగుతుంది. అందరూ లోపలికి తిప్పి పెడతారు, అది తప్పు. క్లాసుకీ క్లాసుకీ మధ్య పిల్లల్ని పది నిమిషాలు వరండాలోకి పంపి, తలుపులన్నీ బార్లా తీయండి.

యంత్రం జోలికి ఇప్పుడే పోవద్దు. డబ్బుంటే ముందు, మనం ఊపిరితో వదిలే కార్బన్ డయాక్సైడ్ గదిలో ఎంత నిలిచిందో చూపే మీటరు ఒకటి కొని గదులన్నిటికీ తిప్పండి. ఆరుబయట 420 పీపీఎం (గాలిలో పదిలక్షల భాగాలకు ఇన్ని) దగ్గర చూపుతుంది. గదిలో 800 లోపుంటే నిశ్చింత. 1,000 దాటితే కిటికీ చూడాలి. 1,500 అయితే పాఠం ఆపి బయటికి రావాలి. ఎన్‌డీఐఆర్ సెన్సర్ అని రాసినదే కొనండి. చవక మీటర్లు కొన్ని ఆ వాయువును నేరుగా కొలవవు, అంచనా కడతాయి. దగ్గర్లో శానిటైజర్ రుద్దుకోండి, అంకె ఒక్కసారి ఎగబాకితే అది ఆ బాపతే, షాపువాడికి వాపసు ఇచ్చేయండి.

స్ప్లిట్ ఏసీ గదుల గురించి అడిగిన ప్రైవేటు బడి కరస్పాండెంట్ గారికి: అది ఉన్న గాలినే చల్లబరుస్తుంది. కిటికీ తీసి ఏసీ వేస్తే కరెంటు బిల్లు, మూసి వేస్తే జబ్బు. ఈ ఏడాదికి ఆపేయడమే మేలు.

మా గది 24 x 20 అడుగులు. 45 మంది పిల్లలు. దూరం దూరం అంటే ఎందరిని కూర్చోబెట్టాలి?
— ప్రధానోపాధ్యాయుడు, శ్రీకాళహస్తి

ఆరడుగులు పట్టుబడితే 12 మంది. బోర్డు ముందు ఆరేడడుగులు వదిలాక మూడు వరసలు, వరసకు నలుగురు. అంతకంటే పట్టదు. మూడడుగులకు ఒప్పుకుంటే (సీడీసీ 2021 మార్చిలో బడులకు, మాస్కులుంటే, అంతకు తగ్గించింది) ఐదడుగుల బెంచీ రెండు చివర్లా ఒక్కొక్కరు, మూడు బెంచీల వెడల్పు, నాలుగు వరసలు, మొత్తం 24. అంటే 45 మందిని రెండు జట్లుగా చేసి రోజు మార్చి రోజు రప్పించాలి.

జట్లు కలపకండి. ఎవరి చోటు వారికే, రోజూ అదే బెంచీ. ఆ పటం గీసి బల్ల అద్దం కింద పెట్టుకోండి. రేపు ఎవరికైనా వస్తే, చుట్టూ ఎవరు కూర్చున్నారో గుర్తు చేసుకుంటూ తల గోక్కునే పని ఉండదు.

గేటు దగ్గర జ్వరం చూసే గన్ పెడితే ఒకరికి 94, ఇంకొకరికి 100 చూపిస్తోంది. నమ్మాలా?
— వ్యాయామ ఉపాధ్యాయుడు, పుత్తూరు

అందరికీ 93, 94 వస్తోందంటే గన్ వస్తువుల మోడ్‌లో ఉంది. బటన్ నొక్కి శరీరం మోడ్‌కు మార్చండి. లేదా చెయ్యి చాచి దూరం నుంచి పెడుతున్నారు. నుదుటికి రెండు మూడు వేళ్ల దూరం ఉండాలి. చెమట ఉంటే తుడవాలి. 100 వచ్చినవాళ్లు ఎండన పడి నడిచొచ్చి ఉంటారు. చెట్టు నీడన పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూడండి. అప్పటికీ 99.5 దాటితే చంకలో డిజిటల్ థర్మామీటర్ పెట్టి తేల్చుకోండి. పొద్దున పారాసిటమాల్ వేసి పంపిన బిడ్డను ఏ గన్నూ పట్టదు. ఆ సంగతి అమ్మానాన్నలతోనే మాట్లాడాలి, తిట్టకుండా.

అన్నం పెట్టే ముందు 120 మందికి చేతులు కడిగించేసరికి చారు చల్లారిపోతా ఉంది. ఆరు కొళాయిలు ఉండాయి. శానిటైజర్ పోసేస్తే చాలదా సామీ?
— మధ్యాహ్న భోజనం వండే ఆమె, పలమనేరు

చాలదమ్మా. చేతికి మట్టి, జిడ్డు ఉంటే శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు. పైగా అది మండే సరుకు, మీ పొయ్యి దగ్గరికి రానివ్వకండి. ఒక్కొక్కరికి 40 సెకన్లు పెట్టినా ఆరు కొళాయిలకు 20 విడతలు, పదమూడు పద్నాలుగు నిమిషాలు. అందరినీ ఒకేసారి వదిలితే తోపులాటలో అరగంట. కాబట్టి తరగతికి పది నిమిషాల తేడాతో పంపమని హెచ్‌ఎం గారిని అడగండి, చిన్నోళ్లు ముందు. చారు కూడా అప్పటికప్పుడు వడ్డించొచ్చు. సబ్బును పాత సాక్సులో వేసి కొళాయికి కట్టండి. లేకుంటే కాకి ఎత్తుకుపోతుంది, తమాషా కాదు.

తినేటప్పుడు మాస్కు ఉండదు కాబట్టి రోజు మొత్తంలో జాగ్రత్త పడాల్సింది ఆ పావుగంటే. గదిలో కాదు, చెట్టు కింద, వరండాలో, ఎదురెదురుగా కాకుండా ఒకే దిక్కు చూస్తూ కూర్చోబెట్టండి. గుడ్డు పెంకుతోనే ఇవ్వండి, వాళ్లే ఒలుచుకుంటారు. వడ్డించేవాళ్లు మాత్రం మాస్కు ముక్కు కిందికి దించకూడదు.

నాలుగు నెలలు ట్యాంకు కడగలేదు. ఏం చేయాలి?
— సచివాలయ ఉద్యోగి, కుప్పం

సంపు అయితే ముందు మూత తీసి గాలి ఆడనివ్వండి. మనిషిని వెంటనే దించొద్దు, దిగేటప్పుడు పైన ఇంకొకరు ఉండాలి. తోమి, మడ్డి తీసి, నింపి, 1,000 లీటర్లకు 150 గ్రాముల బ్లీచింగ్ కలపండి. కొళాయిలన్నీ ఒక్కొక్కటిగా తిప్పి వాసన వచ్చేదాకా నీళ్లు వదిలి కట్టేయండి, పైపుల్లో నిలిచిన నీళ్లు కూడా మారాలి కదా. రాత్రంతా ఉంచి, పొద్దున పారబోసి మళ్లీ నింపాలి. ఆ తర్వాత రోజువారీ 1,000 లీటర్లకు 2.5 గ్రాములు మొదలుపెట్టి, అరగంట ఆగి, నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ను రంగును బట్టి చూపే క్లోరోస్కోపుతో కొళాయి దగ్గర చూడండి. లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు రావాలి. రాకపోతే మోతాదు కొంచెం పెంచండి. పాత సంచీ పౌడరైతే ఎంత వేసినా రంగు రాదు, సంచీనే మార్చాలి.

అదే రోజు బడి వెనక టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీల కింద పళ్లేలు బోర్లించండి. ఇది డెంగీ కాలం కూడా. స్టోరు గది తెరిచేటప్పుడు చేతిలో కర్ర ఉండాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాం.

ఒక బిడ్డకు జ్వరం వస్తే బడి మొత్తం మూసేయాలా?
— ఇద్దరు పాఠకులు, మదనపల్లె, నగరి

మూసేయక్కర్లేదు. బిడ్డకు మాస్కు వేసి వరండాలో, గాలి తగిలేచోట కూర్చోబెట్టి ఇంటికి కబురు చేయండి. మూసిన గదిలో ఒంటరిగా పెట్టడం తప్పు, బిడ్డ బెదిరిపోతుంది కూడా. ర్యాపిడ్ పరీక్ష నెగెటివ్ వచ్చినా లక్షణాలుంటే ఆర్‌టీపీసీఆర్ చేయించాలి. దగ్గు, జలుబు లేకుండా ఒళ్లు నొప్పులతో జ్వరమైతే డెంగీ సంగతి కూడా డాక్టరును అడగండి. పాజిటివ్ అయితే, 2021లో ఉన్న నియమం ప్రకారం, లక్షణాలు మొదలైన రోజు నుంచి 10 రోజులు ఇంట్లో ఉండాల్సి వచ్చేది, చివరి 3 రోజులు జ్వరం ఉండకూడదు. ఆరడుగుల లోపు పావుగంటకు పైగా ఉన్నవాళ్ల జాబితా ఊరి ఆరోగ్య కార్యకర్తకు (ఏఎన్‌ఎం) ఇవ్వండి. చోటు పటం అక్కరకొచ్చేది ఇక్కడే.

ఉపాధ్యాయుల టీకాల పట్టీ కూడా పక్కనే పెట్టుకోండి. 2021లో కోవిషీల్డ్ రెండో డోసు 84 రోజులకు, కోవాక్సిన్ 4 నుంచి 6 వారాలకు వేసేవారు.

బడి ఆటోలో పన్నెండు మందిని ఎక్కిస్తా ఉండారు.
— తల్లి, రేణిగుంట

ఆ సంఖ్య మామూలు రోజుల్లోనే తప్పు. ఆరుగురికి మించకుండా మాట్లాడుకోండి, కూడా పోయే పిల్లల తల్లిదండ్రులు కలిసి అడిగితే ఆటో డ్రైవరు వింటాడు. వాన పడితే రెండు పక్కలా పరదాలు దించేస్తారు, కనీసం ఒకవైపు సగం పైకి చుట్టి కట్టమనండి. బిడ్డ సంచిలో ఇంకో మాస్కు పెట్టండి. తడిసిన గుడ్డ లోంచి ఊపిరి సరిగా ఆడదు.