పాత కార్ల సంగతులు: అన్నీ మార్చాక అదే కారా?

ప్రశ్న: మా నాన్నగారి 1974 అంబాసిడర్‌కు ఇంజన్, గేర్‌బాక్స్, తలుపులు మార్చాం. "ఇదింకా మావయ్య కారేనా?" అని మా బావ వెక్కిరిస్తున్నాడు. పేరున్న పాత కార్ల విషయంలో దీన్ని ఎలా తేలుస్తారు?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: మీ బావగారికి ‘ఓల్డ్ నంబర్ వన్’ కథ చెప్పండి. ఇదే తగువు లండన్‌లో హైకోర్టు దాకా వెళ్లింది.

అది ఆరున్నర లీటర్ల బెంట్లీ స్పీడ్ సిక్స్. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసును 1929లో వుల్ఫ్ బార్నాటో, టిమ్ బిర్కిన్ దాని మీదే గెలిచారు. మరుసటి ఏడు గ్లెన్ కిడ్‌స్టన్‌తో కలిసి బార్నాటో మళ్లీ గెలిచాడు. ఒకే కారు రెండుసార్లు గెలవడం అదే మొదలు. ఈ బార్నాటో ఉత్త డ్రైవరు కాదండోయ్, కింబర్లీ వజ్రాల సొమ్ముకు వారసుడు, బెంట్లీ కంపెనీ ఛైర్మన్ కూడా.

1931లో ఇంగ్లండ్‌లోని బ్రూక్‌లాండ్స్‌లో జాక్ డన్ఫీ, సిరిల్ పాల్ ఇదే కారుతో 500 మైళ్ల రేసు గెలిచారు. మరుసటి ఏటికి ఎనిమిది లీటర్ల ఇంజన్ బిగించారు. ఆ ఏడాది అదే రేసులో జాక్ తమ్ముడు క్లైవ్ నడుపుతుండగా కారు ఏటవాలు ట్రాక్ అంచు దాటి పడిపోయింది. క్లైవ్ అక్కడే చనిపోయాడు. మిగిలినదాన్ని బార్నాటో పైకప్పున్న రోడ్డు కారుగా కట్టించుకున్నాడు.

1990లో దానికి కోటి పౌండ్ల బేరం కుదిరింది. తీరా కొన్న సంస్థ, ఇందులో లె మాన్స్ నాటి సామాను ఏముందంటూ డబ్బు ఆపేసింది. యజమాని కోర్టుకెక్కాడు. ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి భాగాలు దాదాపు లేవని జడ్జి ఆటన్ కూడా ఒప్పుకున్నారు. అయినా కారు చరిత్ర ఎక్కడా తెగలేదని, ఆ పేరు చెప్పుకోగల మరో బెంట్లీ లేదని యజమాని వైపే తీర్పిచ్చారు.

నాకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. రేసు కారన్నాక అరిగింది తీసి కొత్తది వేయక తప్పదు. కానీ ఏది ఎప్పుడు మారిందో రాసిపెట్టిన కాగితాలు లేకపోతే ఆ యజమాని కోర్టులో నిలబడేవాడా?

కాబట్టి మెకానిక్ బిల్లులన్నీ దాచండి. ఇంజన్ మార్పు ఆర్.సి.లో ఎక్కించారా? లేకుంటే ముందు ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లండి. పాత ఇంజన్ ఇంకా ఉంటే మాత్రం పాతసామాన్లవాడికి వేయకండి.