మొప్ప ఎత్తి చూడు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య దీవెనలు. కైకలూరు దగ్గర చేపల చెరువు లీజుకి తీసుకున్నావని అక్క చెప్పింది. మేత గురించి, పిల్ల రేటు గురించి చెప్పేవాళ్లు నీకు చాలామంది దొరుకుతారు. నేను నీళ్ల సంగతే రాస్తాను.

నా మూడో పంటప్పుడు చెరువులో నీరు తగ్గిందని పక్క మురుగు కాలువలోంచి ఇంజను పెట్టి తోడాను. పై చేలల్లో అప్పుడే పురుగుమందు కొట్టారట. మర్నాడు ఒక్క చేప కూడా చావలేదు, గట్టెక్కాననుకున్నాను. మూడు వారాలకి శీలావతి చేపల ఒంటి మీద ఎర్ర మచ్చలు లేచాయి, పొట్టలు ఉబ్బాయి. కొట్లో ఇచ్చిన యాంటీబయోటిక్ మేతలో కలిపి పెట్టాను. ఖర్చే మిగిలింది. అన్నట్టు క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి చేపలకి వాడటం నిషేధం, ఎవరిచ్చినా పుచ్చుకోకు.

ఎర్రమచ్చలు తెచ్చే ఏరోమోనాస్ బాక్టీరియా మన చెరువుల్లో ఎప్పుడూ ఉండేదే. నీళ్లు బాగున్నన్నాళ్లూ చేప దాన్ని లెక్కచెయ్యదు. పురుగుమందు, అమ్మోనియా తగిలితే ఒంటి మీద జిగురూ మొప్పలూ దెబ్బతింటాయి. పైగా చేపకీ టెన్షన్ ఉంటుంది, నవ్వకు. కార్టిసాల్ అనే హార్మోను పెరిగి, రోగంతో పోరాడే తెల్ల రక్తకణాలు తగ్గిపోతాయి.

అమ్మోనియా బయటినుంచే రానక్కర్లేదు, మనం వేసిన మేతలోంచే పుడుతుంది. పొద్దున టెస్టులో బాగుందని ఊరుకోకు. నాచుతో పచ్చబడ్డ నీళ్లలో మధ్యాహ్నం ఎండకి పీహెచ్, అంటే నీటి క్షారగుణం కొలత, ఎక్కుతుంది. పీహెచ్ 7 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం నూటికి ఒకటి కూడా ఉండదు, 9కి చేరితే 40 దాకా పోతుంది. అప్పుడు కంగారుపడి సున్నం చల్లావా, ఇంకా పెరుగుతుంది. మేత ఆపు, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ వెయ్యి, మంచి నీరు దొరికితే కొంత మార్చు.

వారానికోసారి విసురు వలతో నాలుగు చేపలు పట్టి మొప్ప రేకు ఎత్తి చూడు. లోపల నెత్తుటి ఎరుపు ఉండాలి. కాఫీ డికాక్షన్ రంగుకి తిరిగిందంటే అమ్మోనియాలోంచి పుట్టే నైట్రైట్‌ని అనుమానించు. రక్తం ఆక్సిజన్ మొయ్యలేకపోతోందన్నమాట. టెస్టులోనూ అదే తేలితే ఉప్పు పనికొస్తుంది. అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ని మొప్పల్లోంచి లోపలికి పోనివ్వదు.

కాలువ నీళ్లు తప్పవనుకుంటే, ముందు తొట్టిలో పట్టి పది పిల్లల్ని వదిలి రెండు రోజులు చూడు. అవి బతికినా పూర్తిగా నమ్మకు, నా చేపలూ మర్నాడు బాగానే ఉన్నాయిగా. పై రైతుల్ని మందు ఎప్పుడు కొట్టారో అడగటమే మేలు.

ఆదివారం వస్తాను. టెస్టు కిట్టు నేనే తెస్తా, నువ్వు ఆ రైతుల ఫోన్ నంబర్లు రాసిపెట్టు.

మీ మామయ్య