కొత్త ఎల్పీలో గరగర: సీలు విప్పితే హక్కు పోతుందా?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో మూడు కొత్త ఎల్పీ రికార్డులు కొన్నాను. ఒకదాంట్లో రెండో పాట మధ్యలో కుడి స్పీకర్ నుంచి గుడ్డ చింపుతున్నట్టు చప్పుడు వస్తోంది. అడిగితే మార్చి ఇచ్చారు. కొత్తదాంట్లోనూ అదే చోట అదే చప్పుడు. మిగతా రెండింట్లో రెండు వైపులా చివరి పాట బొంగురుగా ఉంటోంది, ‘స’ అక్షరం వచ్చినప్పుడల్లా బుస్సుమంటోంది. ఇప్పుడు అమ్మినవాళ్లు ‘సీలు తీసిన రికార్డు వాపసు తీసుకోం, లోపం మీ ప్లేయర్‌దే’ అంటున్నారు. డబ్బు వెనక్కి అడిగే హక్కు నాకుందా? ఈ రికార్డుల వల్ల నా ప్లేయర్ సూది పాడైందని నష్టపరిహారం కూడా కోరవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. మూడు రికార్డులనూ ఒకే గాటన కట్టకండి. మీరు రాసినదాన్ని బట్టి మొదటి రికార్డు విషయంలో మీ కేసు గట్టిది. మిగతా రెండూ ఇప్పుడున్న స్థితిలో నిలబడవు. మూడింటినీ కలిపి ఒకే ఫిర్యాదు పెడితే, ఎదుటి పక్షం లాయరు ఆ రెండింటినీ పట్టుకుని ‘ఈయన ప్లేయరే బాగోలేదు’ అని మొదటిదాన్ని కూడా కొట్టేయించే ప్రయత్నం చేస్తాడు. నేను అటు వైపు ఉంటే అదే చేస్తాను.

సీలు సంగతి తేలికగా తేలిపోతుంది. వస్తు విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16 ప్రకారం, ఆ రకం సరుకు అమ్మే వ్యాపారి దగ్గర కొన్న వస్తువు అమ్మకానికి తగిన నాణ్యతతో ఉండాలన్నది రాయకపోయినా ఉన్నట్టే లెక్క. కొనేవాడు ముందే వస్తువును పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో బయటపడాల్సిన లోపాలకు మాత్రం ఈ రక్షణ ఉండదు. సీలు వేసిన రికార్డును విప్పకుండా, సూది పెట్టకుండా ఎవరూ వినలేరు కదా. కాబట్టి ‘మీరే చూసి తీసుకున్నారు’ అనే వాదన ఇక్కడ నడవదు. ఇక వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) చూడండి. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం అనుచిత వ్యాపార పద్ధతి. ఆన్‌లైన్ అమ్మకాలకు ఈ-కామర్స్ రూల్స్, 2020 కూడా ఇదే చెబుతున్నాయి: సరుకు లోపభూయిష్టమైతే అమ్మినవాడు వాపసు కాదనకూడదు. ‘సీలు తీస్తే రిటర్న్ లేదు’ అన్న షరతు, నచ్చలేదని వెనక్కి ఇచ్చేవాళ్లకు పనికొస్తుందేమో గాని లోపమున్న సరుకుకు అడ్డు కాదు.

అసలు తగువంతా ‘లోపం’ అన్న మాట దగ్గరే. వినియోగదారుల రక్షణ చట్టంలో సెక్షన్ 2(10) దానికిచ్చిన అర్థం విశాలమైనదే. నాణ్యతలోనో ప్రమాణంలోనో ఉండాల్సినదానికి తగ్గినా, వ్యాపారి చెప్పుకున్నదానికి తగ్గినా అది లోపమే. అయితే ఆ తగ్గింది రికార్డులోనే అని చూపించాల్సిన బాధ్యత ఫిర్యాదుదారుడి మీద ఉంటుంది. రికార్డు ఒంటరిగా మోగదు. సూది, కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని దాని కదలికను సిగ్నల్‌గా మార్చే భాగం), టోన్ ఆర్మ్ (దాన్ని మోసే చేయి), ఆంప్లిఫయర్ ఇవన్నీ మధ్యలో ఉన్నాయి. ఆ సందులోంచే అమ్మినవాళ్లు జారుకోవాలని చూస్తున్నారు.

మీ మొదటి రికార్డు తీసుకుందాం. ప్రెస్సింగ్ సమయంలో, అంటే రికార్డును అచ్చొత్తేటప్పుడు, కరిగిన పీవీసీ ప్లాస్టిక్ స్టాంపర్ (లోహపు అచ్చు) మీది గట్ల మధ్యకు పూర్తిగా పారకపోతే, ఆ చోట గాడి గోడ సరిగా ఏర్పడదు. రికార్డులవాళ్లు దీన్ని నాన్-ఫిల్ అంటారు. డిస్క్‌ను దీపం కింద ఏటవాలుగా పట్టుకుని మెల్లగా తిప్పండి. నల్లగా మెరుస్తున్న గాడుల మధ్య, ఆ రెండో పాట ఉండే పట్టీలో, మెరుపు లేని బూడిదరంగు చార గానీ మచ్చ గానీ కనబడితే ఫోటో తీయండి. తర్వాత చప్పుడుకూ చప్పుడుకూ మధ్య ఎంతసేపో చూడండి. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు 1.8 సెకన్లు. సరిగ్గా అంత వ్యవధిలో చప్పుడు మళ్లీ మళ్లీ వస్తుంటే అది డిస్క్ మీద ఒకే దిక్కున ఉన్న లోపం. అరిగిన సూది అలా చోటు చూసుకుని చప్పుడు చేయదు. మార్చి ఇచ్చిన ప్రతిలోనూ అదే చోట వచ్చిందన్నారు. లేబుల్ చుట్టూ పాట లేని ఖాళీ జాగాలో గీసిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. రెండు ప్రతుల్లోనూ అవి ఒకటే అయితే, రెండూ ఒకే స్టాంపర్ నుంచి గానీ ఒకే కటింగ్ నుంచి గానీ వచ్చి ఉండే అవకాశం ఎక్కువ. మొదటి ప్రతి మీ దగ్గర లేకపోతే దాని ఫోటోలు, వీడియో ఏమైనా మిగిలాయేమో ఫోన్‌లో వెతకండి.

మిగతా రెండు రికార్డుల దగ్గరికి వద్దాం. చివరి పాటలోనే బొంగురు వస్తోందంటే నాకు ముందు అనుమానం ప్లేయర్ అమరిక మీదే. డిస్క్ ఒకే వేగంతో తిరుగుతున్నా, బయటి అంచు దగ్గర గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడుస్తుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది దాదాపు 21కి పడిపోతుంది. అంతే పాట అంత తక్కువ జాగాలో ఇరుక్కోవాలి, ‘స’ లాంటి పదునైన ధ్వనులకు గాడి వంపులు మరీ బిగుసుకుపోతాయి. ప్రతి ఎల్పీకీ ఉన్న గుణమిది, దాన్ని లోపమనలేం. కార్ట్రిడ్జ్ కాస్త వంకరగా బిగించి ఉన్నా, సూది గాడి మీద మోపే బరువు తయారీదారు చెప్పినదానికంటే తక్కువైనా, సూది అరిగినా ఆ బొంగురు పదింతలు వినబడుతుంది. బరువు తక్కువుంటే గాడికి మేలనుకుంటారు చాలామంది. నిజానికి అప్పుడు సూది గాడిలో నిలవక గోడలకు కొట్టుకుని ఎక్కువ పాడుచేస్తుంది. ఇంకొకటి కూడా చూసుకోండి. ప్లేయర్‌లో ఫోనో ప్రీఆంప్ (సూది నుంచి వచ్చే బలహీన సిగ్నల్‌ను పెంచే భాగం) ఆన్ చేసి ఉంచి, మళ్లీ ఆంప్లిఫయర్ ఫోనో సాకెట్‌కే తీగ కలిపితే సిగ్నల్ రెండుసార్లు పెరిగి ధ్వని పగిలిపోతుంది. అయితే అప్పుడు చివరి పాట ఒక్కటే కాదు, ప్రతి రికార్డూ మొదటి నుంచీ పగులుతుంది. మీ పాత రికార్డుల్లో చివరి పాటలు ఎలా ఉన్నాయో మీరు రాయలేదు. అవీ బొంగురుగానే ఉంటే ఈ రెండింటినీ వదిలేసి ప్లేయర్‌ను సరిచేయించుకోండి.

పాత రికార్డులు శుభ్రంగా మోగి ఇవి మాత్రమే బొంగురుపోతుంటే, మూడింటినీ బాగా అమర్చిన వేరే ప్లేయర్ మీద వినిపించాలి. ముందు తుడవండి, కొత్త రికార్డుల మీద కూడా కవరు కాగితం దుమ్ము ఉంటుంది. ఆడియో పరికరాలు బాగుచేసే టెక్నీషియన్ ఎవరైనా విని, ఏ రికార్డు, ఏ వైపు, ఏ పాట, ఏ పరికరం అన్నది రాసి సంతకం చేస్తే, తర్వాత దాన్నే అఫిడవిట్‌గా మార్చవచ్చు. అలా వినేటప్పుడు సూది, తిరిగే డిస్క్ కనబడేలా ఆపకుండా ఒకే వీడియో తీయండి. దాన్ని దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 సర్టిఫికెట్ (వీడియో వంటి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం) జతచేయడం మంచిది. ఆ పని అయ్యాక రికార్డులను మళ్లీ మళ్లీ వేయకండి. ‘వాడి వాడి అరగ్గొట్టారు’ అనే అవకాశం వాళ్లకు ఇవ్వడం ఎందుకు?

ఇప్పుడు రాతకోతల పని. ఫోన్‌లో మాట్లాడిందేదీ లెక్కలోకి రాదనుకోండి. ఆ సైట్‌లోని గ్రీవెన్స్ ఆఫీసర్‌కు (ఫిర్యాదుల అధికారికి) బిల్లు నంబరుతో ఈ-మెయిల్ పంపండి. ఫిర్యాదు అందినట్టు ఆ అధికారి 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. మార్పిడి అడగకండి. అదే విడత నుంచి మూడో ప్రతి వస్తే మీరు మళ్లీ మొదటికొస్తారు. ‘ఒకసారి మార్చినా అదే లోపం ఉంది కాబట్టి డబ్బు వాపసు కోరుతున్నాను’ అని స్పష్టంగా రాయండి. వాళ్లు ఒకసారి మార్చి ఇచ్చారంటే మొదటి ప్రతిలో లోపం ఉందని అప్పుడు ఒప్పుకున్నట్టేనని మనం వాదించవచ్చు. ఆ మార్పిడి సందేశాలు జాగ్రత్త. కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చిన్న మొత్తాల తగువులు చాలావరకు ఇక్కడే తెగడం మేలు.

అక్కడా తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. అమ్మినవాళ్లు ఎక్కడున్నా, వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 కింద మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. సరుకు కోసం చెల్లించింది 5 లక్షల రూపాయలు దాటకపోతే ఫీజు లేదు. లాయరు లేకుండా మీరే వాదించుకోవచ్చు. అమ్మినవాళ్లతోపాటు సైటునూ, కవరు మీద ఉన్న తయారీదారు లేదా దిగుమతిదారునూ ప్రతివాదులుగా చేర్చండి. సైటువాళ్లు ‘మేం మధ్యవర్తులం’ అంటారు, అననివ్వండి. ల్యాబ్ పరీక్ష అవసరమని కమిషన్ భావిస్తే అదే చట్టం సెక్షన్ 38 కింద రికార్డును సీలు చేసి పంపవచ్చు. ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. ఎల్పీని పరీక్షించి చెప్పే ల్యాబ్ దొరకడం మాత్రం అంత సులువు కాదు, అందుకే టెక్నీషియన్ అఫిడవిట్ మీద ఇంత పట్టుబడుతున్నాను. గెలిస్తే ధర, కొంత నష్టపరిహారం, ఖర్చులు వస్తాయి. లక్షల పరిహారం అడిగి ఫిర్యాదును పలుచన చేసుకోకండి. గడువు, కారణం తలెత్తిన రోజు నుంచి 2 ఏళ్లు. కానీ ఆలస్యమైన కొద్దీ ‘లోపం మొదటి నుంచీ ఉంది’ అని నమ్మించడం కష్టం.

సూది విషయంలో నా సలహా: వదిలేయండి. వస్తువు వల్ల వేరే ఆస్తికి నష్టం జరిగితే ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న వస్తువు చేసిన హానికి తయారీదారు, అమ్మకందారు బాధ్యత) కింద అడిగే హక్కు 2019 చట్టంలో ఉంది. కొన్న ఆ వస్తువే చెడిపోవడం మాత్రం చట్టం చెప్పే ‘హాని’ కిందికి రాదు, దానికి లోపం కింద వాపసు అడగడమే దారి. సూది వేరే వస్తువు కాబట్టి కాగితం మీద అడగవచ్చు. కానీ నాన్-ఫిల్ వల్లే సూది అరిగిందని రుజువు చేయడం చాలా కష్టం. పైగా ‘నా సూది పాడైంది’ అని మీరే రాసిచ్చాక, ‘ఆ పాడైన సూదే మీ గరగరకు కారణం’ అని వాళ్లు అనకుండా ఉంటారా?

వాళ్లు వాపసుకు ఒప్పుకుని రికార్డు పంపమంటే, లేబుల్ పక్కన గీసిన నంబరు కనబడేలా వీడియో తీసి, కవరుతో సహా రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ట్రాకింగ్ ఉన్న పార్శిల్‌లోనే పంపండి. రసీదు మీద బిల్లు నంబరు రాయించుకోండి. డబ్బు ఖాతాలో పడేదాకా ‘సమస్య పరిష్కారమైంది’ అనే బటన్ నొక్కకండి.