విమానం నడిపే వకీలు మీద నవల రాస్తున్న కుర్రాడికి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల నిన్న రాత్రి ముగించాను. వాక్యం నీ చేతిలో చక్కగా నడుస్తుంది. ఆ సంగతి అంతటితో సరి. ఈ ఉత్తరం రాయించింది నీ తొమ్మిదో అధ్యాయం. నీ కథానాయకుడు పొద్దున్నే రేణిగుంటలో విమానం ఎక్కి హైదరాబాదుదాకా తనే నడుపుకుంటూ వెళ్లి, యూనిఫాం విప్పి, మధ్యాహ్నానికి నల్లకోటు తొడుక్కుని కోర్టులో విమాన ప్రమాదం నష్టపరిహారం కేసు వాదించాడు. అక్కడ కాగితాలు పక్కన పెట్టేశాను. కోపం తగ్గాకే మళ్లీ తీశాను.

వకీలుగా ప్రాక్టీసులో ఉన్నవాడు జీతానికి పూర్తికాలం ఉద్యోగం చేయకూడదు నాయనా. అది బార్ కౌన్సిల్ రూలు. తిరుపతి కోర్టు ఆవరణలో ఏ జూనియర్‌ను అడిగినా చెబుతాడు. అంటే నీవాడు ఎయిర్‌లైన్‌లో పైలట్ అయితే ప్రాక్టీసు ఆపుకోవాలి. వకీలైతే ప్రైవేటు లైసెన్సు పెట్టుకుని సెలవురోజుల్లో చిన్న విమానం నడుపుకోవాలి. లేదంటే కొన్నేళ్లు పైలట్‌గా పనిచేసి, ఒంట్లో ఏదో తేడా వచ్చి పైలట్లకు చేసే వైద్యపరీక్షలో ఫెయిలై, ఆ తర్వాత లా చదివి ఉండాలి. ఈ మూడో దారి చూడు. నలభై ఏళ్లు దాటినవాడు, ఇక జీవితంలో కాక్‌పిట్‌లో కూర్చోలేనివాడు, లా కాలేజీలో తన కొడుకు వయసు పిల్లల పక్కన కూర్చుని కాంట్రాక్టు చట్టం బట్టీ పడుతుంటాడు. ఆ రూలు నువ్వు కనుక్కుని ఉంటే ఈ మనిషి నీకు దొరికేవాడు.

నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నది ఇదొక్కటే. మనిషి పొద్దున్నుంచి సాయంత్రందాకా ఏం పని చేస్తాడో తెలియకుండా ఆ మనిషి గురించి రాయకూడదు. ప్రేమ, పగ, ఒంటరితనం అన్నీ ఆ పనిలోంచే వస్తాయి. తిరుమల ఘాట్ రోడ్డు బస్సు డ్రైవరు మీద కథ రాయాలనుకున్నప్పుడు లీవు పెట్టి మరీ డ్రైవరు వెనక సీట్లో కూర్చుని కొండ ఎక్కి దిగాను. దిగేటప్పుడు బ్రేకును నమ్ముకోకూడదనీ, గేరే బండిని పట్టుకోవాలనీ ఆయన చెప్పాడు. ఇంటికెళ్లాక కూడా ఎడంకాలు క్లచ్ కోసం వెతుక్కుంటుందట. ఆ ముక్కతో కథ దానంతటదే లేచింది.

నేను చిత్తూరులో ఒక ప్లీడరు దగ్గర టైపిస్టుగా చేశాను. మోటారు యాక్సిడెంటు క్లెయిములు ఎన్ని కొట్టానో. అందుకే నీ కోర్టు సీన్లు నాకు గుచ్చుకున్నాయి. నీ వకీలు బ్లాక్ బాక్సును ఛాంబరుకు తెప్పించుకుని, రాత్రంతా పైలట్ల మాటలు వింటాడు. ఆ పెట్టె నారింజ రంగులో ఉంటుంది, అది అలా ఉండనీ. దాన్ని తెరిచేది ప్రభుత్వ దర్యాప్తు సంస్థ, ఏఏఐబీ. వకీలు టేబుల్ మీదకు అది రాదు. దర్యాప్తు ఉద్దేశం కూడా మరో ప్రమాదం జరగకుండా చూడటమే, ఎవరిది తప్పో తేల్చి శిక్షించడం దాని పని కాదు. అంతర్జాతీయ నిబంధనల్లోనే ఆ మాట రాసి ఉంది. ఆ దర్యాప్తు నివేదికకూ తన కక్షిదారు కన్నీళ్లకూ మధ్య నిలబడటమే నీ వకీలు ఉద్యోగం.

క్లైమాక్సులో విమాన కంపెనీ తప్పును అతను రుజువు చేయగానే కోర్టు హాలంతా లేచి నిలబడుతుంది. విదేశాల నుంచి వచ్చే విమానమైతే, ప్రమాదాల్లో పరిహారం సంగతి చూసే మాంట్రియల్ ఒప్పందం వర్తిస్తుంది, మన దేశం 2009లో అందులో చేరింది. దాని ప్రకారం ఒక మొత్తం వరకు కుటుంబం ఎవరి తప్పూ రుజువు చేయనక్కర్లేదు. అంతకు మించి అడిగితే, తన తప్పు లేదని చూపించుకోవాల్సిన భారం విమాన కంపెనీదే. రెండేళ్లలోపు కేసు వేయకపోతే హక్కే పోతుంది. మరి గొడవంతా ఎక్కడ? జీతం కాగితం దగ్గర. మంగళూరు విమాన ప్రమాదం 2010 మే 22న జరిగింది, 158 మంది పోయారు. అందులో ఒక కుటుంబం కేసు 2020 మే దాకా సాగితే, సుప్రీంకోర్టు 7.64 కోట్లు ఇప్పించింది. పోయినాయన జీతంలో ఏ అలవెన్సు లెక్కలోకి వస్తుంది, ఏది రాదు అన్నదాని మీద అక్కడ వాదన నడిచింది. పదేళ్లు! నీ నవలలో కేసు వర్షాకాలంలో మొదలై సంక్రాంతికి తేలిపోయింది.

ఇక అతను పైలట్ కావడం వల్ల ఒరిగేదేమిటో నువ్వు ఎక్కడా చూపలేదు. తుఫానులో విమానం నడిపించావు, అది సినిమావాళ్లకు వదిలెయ్. అతని పైలట్‌తనం కాగితం చదివేటప్పుడు కనబడాలి. మంగళూరు నివేదికలో కెప్టెన్ దారిలో చాలాసేపు నిద్రపోయాడని ఉంది. దిగేటప్పుడు విమానం ఉండాల్సినదానికన్నా ఎత్తులో ఉంది. కో-పైలట్ గో అరౌండ్ అన్నాడు, అంటే మళ్లీ పైకి లేపుదామని. కెప్టెన్ వినలేదు. మామూలు వకీలు దీన్ని నిర్లక్ష్యం అని రాసుకుని పేజీ తిప్పుతాడు. కో-పైలట్ కూర్చునే ఆ కుడిపక్క సీట్లో ఎప్పుడైనా కూర్చున్నవాడు మాత్రం ఆగిపోతాడు. పెద్దవాడి చేతిలోంచి కంట్రోల్ లాక్కోవాలంటే చిన్నవాడికి ఎంత గుండె కావాలో అతనికి తెలుసు.

2009 సెప్టెంబరు 2 నీకు గుర్తుండకపోవచ్చు, చిన్నవాడివి. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి రచ్చబండ కోసం మన జిల్లాలోని అనుపల్లికే బయల్దేరారు. హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ఆ రోజు కోర్టు దగ్గర ఎవరికీ పని మీద మనసు లేదు. తర్వాత వచ్చిన విచారణ నివేదిక గురించి పేపర్లో చదివాను. చెడ్డ వాతావరణంలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వచ్చిందట, దానికేం చేయాలో పైలట్లు వెతుకుతూ ఉండిపోయారట. ఇద్దరి కళ్లూ ఆ సమస్య మీదే ఉంటే బయటికి చూసింది ఎవరు? ఈ ప్రశ్న నీ వకీలు అడగాలి. అడిగి, జవాబు తనకు తెలుసు కాబట్టి ఆ రాత్రి నిద్రపోలేకపోవాలి.

ఇప్పుడు రెండో అధ్యాయం. కలికిరి నుంచి వచ్చిన ఆ తల్లి, కువైట్‌లో డ్రైవరుగా చేసి తిరిగొస్తూ పోయిన కొడుకు గురించి, "మా అబ్బోడు ఏ సీట్లో కూర్చోనుండె సార్? కిటికీ పక్కనేనా?" అని అడుగుతుంది. చదువుతూ చదువుతూ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. ఆ తర్వాతి పేజీలోనే నీ కథానాయకుడు ఫ్లయింగ్ క్లబ్‌కు వెళ్లిపోయాడు, ఆ తల్లి మళ్లీ నవలలో కనబడలేదు. ఎందుకు వదిలేశావు ఆమెను?

నేను టైపు చేసిన ఒక లారీ ప్రమాదం కేసులో పోయినవాడికి పెళ్లి కాలేదు. అలాంటి కేసుల్లో వాడి సంపాదనలో సగం సొంత ఖర్చు కింద తీసేస్తారు. ప్లీడరు ఈ లెక్క వివరించగానే వాళ్లమ్మ, "వాడు సగం ఎప్పుడు తిన్న్యాడు సామీ? అంతా ఇంటికే పంపతా ఉండె" అంది. నేను అది కథగా రాశాను. హైదరాబాదులో ఒక వారపత్రిక ఎడిటరు ఆ లెక్కంతా కొట్టేసి, ఏడుపు మాత్రం ఉంచి వేశాడు. లెక్కలు పాఠకులకు విసుగట. సీమ నుంచి రాస్తున్నారు కదా, ఫ్యాక్షన్ కథ పంపండి అని పైగా ఒక కార్డు. మామిడితోటలు, పాడి ఆవులు, బెంగళూరు బస్సులు, కువైట్ వీసాలతో బతికే జిల్లా మాది. మా దగ్గర వాళ్లకు కావాల్సింది మాత్రం వేటకొడవలి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగులుతుంది. నీ నవలను కూడా ఇలాగే ఎవడో నరకమంటాడు. జీతం కాగితం తీసేయ్, తుఫాను పెంచు అంటాడు. ఒప్పుకోకు.

ముందుమాట, ఇంగ్లీషు అనువాదం గురించి అడిగావు. అవి తర్వాత.

ముందు ఆ తల్లి ఉన్న అధ్యాయం ఒక్కటి మళ్లీ రాయి. కువైట్ యజమాని ఇచ్చిన జీతం కాగితం ఏ భాషలో ఉంది? దాన్ని తెలుగులో ఆమెకు ఎవరు చదివి చెప్పారు? కంపెనీవాళ్లు తెచ్చిన రాజీ కాగితం మీద సంతకం పెడితే మళ్లీ కోర్టుకు పోలేవని ఆమెకు చెప్పింది నీ వకీలేనా, ఊళ్లో ఇంకెవరైనానా? సీటు నంబరు అతను కనుక్కున్నాడా? కనుక్కుని ఉంటే ఆమెకు చెప్పాడా? ఇవన్నీ నాకు అందులో కావాలి. ఫ్లయింగ్ క్లబ్ జోలికి వెళ్లకు. చిత్తూరు కోర్టులో క్లెయిము కేసులు విచారణకు వచ్చే రోజు వెళ్లి, వెనక బెంచీలో సాయంత్రందాకా కూర్చో. మాట్లాడకుండా రాసుకో. దసరాలోపు పంపు, ఆ తర్వాత నాకు కంటి ఆపరేషన్ ఉంది. అక్షరాలు కొంచెం పెద్దవిగా ప్రింటు తీయించు.

ఇట్లు,
నీ మేలుకోరే
పెద్దాయన, తిరుపతి